ఎదురెక్కిన రక్తం

కిందటి వారం అత్తగారిని ఐదో నంబరు మంచం దగ్గర నోరు తెరిపించి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఆవిడ ఎవరో, ఎందుకలా నిలబడిపోయిందో కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేసి, తరవాత ఆవిణ్ణి కదుపుదాం.

ఈ అత్తగారు ఐసీయూలో హెడ్ నర్సు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. దుప్పటి మడత దగ్గర్నుంచి డాక్టర్ల గోళ్ళ దాకా దేనికీ వంక పెట్టకుండా వదలదని ఆసుపత్రి అంతా ఎప్పుడో తగిలించిన పేరది. ఆర్నెల్ల కిందట ఆ పేరు కాస్తా నిజమైపోయింది. ఆవిడ కొడుకు చేసుకున్న అమ్మాయి డాక్టరు. ట్రైనింగుకి వచ్చి వచ్చి ఈ ఐసీయూలోనే పడింది. ఇంట్లో అత్తయ్యా కోడలూ, ఆసుపత్రి గేటు దాటితే సిస్టర్‌గారూ డాక్టరుగారూ అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. పోయిన నెలలో కోడలు ఒకరి రక్తం సీసా మీద ఇంకొకరి పేరున్న చీటీ అంటించింది. ఎవరికీ ఏమీ కాకముందే బయటపడింది గానీ, అందరూ పెద్దాయన అని పిలిచే ఐసీయూ పెద్ద డాక్టరు ఆమెను గదిలోకి పిలిచి, ఇంకొక్క పొరపాటు జరిగితే ట్రైనింగు అక్కడితో సరి అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే.

ఇక ఐదో నంబరు పేషెంటు. రైల్వే స్టేషన్లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చదివే అనౌన్సరు. ఆయన మొహం ఊళ్ళో ఎవరికీ తెలియదు, గొంతు తెలియనివాళ్ళు లేరు. న్యుమోనియా ముదిరిపోయి ఆ ఉదయమే చేర్చారు. ఊపిరి అందడం లేదు, బీపీ అడుగంటింది. బీపీ పెంచే మందు చేతి నరాలు తట్టుకోలేనంత ఘాటైనది, అందుకని మెడలోని పెద్ద సిరలోకి గొట్టం వెయ్యాల్సి వచ్చింది. కుడివైపు పాత ఆపరేషన్ మచ్చ గట్టిపడి ఉండటంతో ఎడమవైపు వేశారు. వేసింది కోడలు. పక్కనుండి అన్నీ అందించి, కాగితం మీద టిక్కులు పెట్టింది అత్తగారు. ఎనిమిదిన్నరకి ఆ పని అయింది. పదింపావుకి ఆవిడ మంచం దగ్గరికి వచ్చి చూస్తే, కిందికి దిగాల్సిన సెలైన్ ఆగిపోయి ఉంది. మెడ దగ్గర్నుంచి రక్తం గొట్టంలో పైకి ఎదురెక్కుతోంది. అదీ సంగతి.

ఇంకొకరైతే కంగారు పడేవారు. అత్తగారికి భయం కంటే ముందు ఎప్పుడూ వింతే పుడుతుంది. ఇదేమిటిది అనుకుంటూ వంగి చూసింది. డ్యూటీ సిస్టరుని అడిగితే, ఇందాకా ఒకసారి ఇలాగే ఎక్కిందనీ, పేషెంటు దగ్గుతున్నాడు కదా అని స్టాండు ఇంకాస్త పైకి లేపాననీ చెప్పింది. లేపితే సర్దుకుందిట. సర్దుకున్నది మళ్ళీ ఎందుకు ఎక్కినట్టు?

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని గొట్టంలో రక్తం అంచునే చూస్తూ నిలబడింది. అది ఊరికే పాకడం లేదు. ఒక అంగుళం ముందుకి, అర అంగుళం వెనక్కి, మళ్ళీ ఒక అంగుళం ముందుకి. కళ్ళు అక్కడి నుంచి తిప్పకుండానే ఎడం చేత్తో పేషెంటు మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టినప్పుడల్లా అంచు ఎగురుతోంది. రెండింటికీ ఒక్క క్షణం తేడా లేదు. అప్పుడు కొట్టుకుంది అత్తగారి గుండె, గుభేలుమని.

మెడలో ఆ చోట రెండు నాళాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉంటాయి. గుండెకి తిరిగొచ్చే రక్తం నెమ్మదిగా నడిచేది సిర. గుండె తోసిన రక్తం తల్లోకి పరిగెత్తేది ధమని. సిరలో ఉండాల్సిన గొట్టం ధమనిలో ఉంది. మరి వేసినప్పుడు తెలియలేదా అంటే, తెలియకపోవడానికి కారణం ఉంది. ధమని రక్తం ఎర్రగా ఉండి చిమ్ముతుందని అందరికీ తెలుసు. కానీ ఉదయం ఈయనకి ఊపిరే అందడం లేదు, రక్తం అంతా నల్లబడి ఉంది. బీపీ లేదు, చిమ్మే ఓపిక ఆ ధమనికీ లేదు. ఇప్పుడు ఆక్సిజనూ సెలైనూ పడి మనిషి కాస్త తేరుకున్నాడు. ఆయన తేరుకున్నాడు కాబట్టే ధమని తన బలం చూపించి సెలైన్‌ని వెనక్కి నెడుతోంది.

ఆవిడ గొట్టానికున్న బిళ్ళ తిప్పి సెలైన్ కట్టేసింది. అనుమానం తీరడానికి బీపీ కొలిచే తీగ తెచ్చి దానికి తగిలించింది. తెర మీద గీత కొండలు కొండలుగా లేచింది. ఎక్స్‌రే చూడకుండా ఘాటు మందు మొదలుపెట్టకూడదన్న నియమం ఒకటుండటం, ఎక్స్‌రే మనిషి ఇంకా రాకపోవడం ఈయన అదృష్టం. ఆ మందు గనక తల్లోకి పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ఆవిడకి మనసొప్పలేదు.

అనౌన్సరు మాస్కులోంచి ఆవిడ హడావిడి చూస్తున్నాడు. ఏమిటి సిస్టర్, బండి ఆగిందా అని అడిగాడు. సిగ్నల్ ఇవ్వలేదండీ, కదలకుండా పడుకోండి, ఇస్తారు అని చెప్పి, ఆవిడ నవ్వుమొహంతోనే వెళ్ళి కోడలికి కబురు పెట్టింది.

కోడలు వచ్చి తెర చూసింది. గొట్టం చూసింది. మొహంలో చుక్క రక్తం లేదు. చేతికి గ్లవ్స్ తొడుక్కుని, దూది మడత ఒక చేత్తో, కుట్లు తెంపే కత్తెర ఒక చేత్తో పట్టుకుంది. అత్తగారు మంచానికీ ఆమెకీ మధ్య వచ్చి నిలబడింది.

"జరగండి సిస్టర్. తీసేస్తాను," అంది కోడలు గొంతు తగ్గించి. "తీసి గట్టిగా నొక్కి పట్టుకుంటాను. పావుగంటైనా, అరగంటైనా."

"జరగను డాక్టరుగారూ."

"పదిన్నరకి పెద్దాయన రౌండ్‌కి వస్తారు."

"రానివ్వండి. సూది పోటైతే నొక్కమని నేనే చెప్పేదాన్ని. ఇది పెన్ను రీఫిల్ అంత లావుంది. టైర్లో మేకు దిగితే ఏం చేస్తాం? పీకనంత సేపే గాలి నిలుస్తుంది. మీరు పీకిన మరుక్షణం మెడ ఇంతలావు వాచి ఊపిరి గొట్టాన్ని నొక్కేస్తుంది. ఆగడానికి గట్టిగా నొక్కారంటే తల్లోకి రక్తం పోదు. దాన్ని కదిలించకూడదు. సర్జన్ వచ్చి నాళం కళ్ళతో చూస్తూ తీసి, కుట్టెయ్యాలి."

కోడలికి ఇదంతా తెలియక కాదు. పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది కూడా. కానీ పదిహేను నిమిషాల్లో వచ్చే మనిషి కళ్ళ ముందు కదులుతుంటే చదివినదంతా ఏ మూలకి పోతుందో ఎవరికి తెలుసు? ఆర్నెల్లుగా ఆసుపత్రిలో ఒక్కసారైనా నోరు జారని పిల్ల, "అత్తయ్యా, నన్ను పంపించేస్తారు," అంది.

ఇంట్లో ఈ పిల్ల ఏడవడం అత్తగారు ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి తీసుకోవాలనిపించింది గానీ, ఇద్దరి చేతులకీ గ్లవ్స్ ఉన్నాయి. "ముందు ఆయన సంగతి చూడు అమ్మాయ్, తరవాత మన సంగతి," అని కత్తెర తీసుకుని ట్రేలో పెట్టింది. ఒప్పందం ఆవిడ వైపు నుంచి కూడా తెగింది. పెద్దాయనకీ సర్జన్‌కీ ఫోన్ చేసింది మాత్రం కోడలే. ధమనిలో గొట్టం వేశాను, తియ్యలేదు, త్వరగా రండి అని మూడు ముక్కల్లో చెప్పింది.

రక్తనాళాల సర్జన్ పది నిమిషాల్లో వచ్చాడు. మెడ మీద స్కాన్ పెట్టి చూసి, గొట్టం సిరని ఒరుసుకుంటూ పోయి ధమనిలో దిగిందని తేల్చాడు. పీకనందుకు సంతోషం అన్నాడు. ఆయన నోట సంతోషం అనే మాట వినడం అత్తగారికి అదే మొదలు. తరవాత అనౌన్సరు భార్యని పిలిచి, జరిగిన పొరపాటు దాచకుండా చెప్పాడు. ఎడమవైపు ధమని, మనిషికి మాట పలికించే చోటికి రక్తం తీసుకెళ్తుంది. గొట్టం చుట్టూ గడ్డ కట్టి ఉంటే, తీసేటప్పుడు ఆ ముక్క పైకి పోయి మాట పడిపోవచ్చు. ఊపిరితిత్తులు ఇలా ఉన్నాయి కనక పూర్తి మత్తు ఇవ్వరు. మెడ వరకే మొద్దుబార్చి, ఆయన చేత ఆపకుండా మాట్లాడిస్తూ చేస్తారు. మాటలో తేడా వస్తే ఆ క్షణాన్నే తెలుస్తుంది.

భార్య సంతకం పెట్టి కలం తిరిగి ఇచ్చింది. ఎవరినీ తిట్టలేదు. "ఆయన తిండి లేకపోయినా ఉంటారండీ, మాట్లాడకుండా ఉండలేరు," అంది. కోడలు ఆవిడ ఎదుట నిలబడి, గొట్టం వేసింది నేనే, క్షమించమనడానికి కూడా నాకు నోరు రావడం లేదు అంది. ఆవిడ, ముందు ఆయన్ని మాట్లాడనివ్వమ్మా, తరవాత నాకు కోపం వస్తుందో రాదో చూసుకుంటాను అంది.

థియేటరు సిద్ధం కావడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా అత్తగారి చేతిలో ఉదయం టిక్కులు పెట్టిన కాగితం ఉంది.

దాని కథ కొంచెం చెప్పాలి. పదకొండేళ్ళ కిందట ఇలాగే ఒకరి మెడలో గొట్టం ధమనిలోకి పోయి, ఎవరో పీకేసి, ఆ మనిషి దక్కలేదు. అప్పుడు అత్తగారు పెద్దాయనతో పోట్లాడి ఈ కాగితం పెట్టించింది. ఏడు గడులు. నాలుగోది, లావు గొట్టం దింపకముందే సూదికి ఒక సన్న గొట్టం తగిలించి, పైకెత్తి పది లెక్కపెట్టడం. రక్తం కిందికి జారితే సిర, పైకి ఎక్కితే ధమని. ఈ ఎత్తి చూడటానికి నల్లరక్తం, ఎర్రరక్తం తేడా లేదు. స్కాన్ మెషీన్ చేతికి దొరక్కపోయినా (ఆ ఉదయం అది వేరే ఆపరేషన్లో ఉంది) ఇది దొరుకుతుంది. చూడందే టిక్కు పెట్టకూడదు, టిక్కు లేందే డాక్టరు ముందుకి పోకూడదు. కొత్తగా వచ్చే ప్రతి నర్సుకీ ఈ గడి గురించి ఆవిడ గంటసేపు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది.

ఆ నాలుగో గడిలో టిక్కు ఉంది. పక్కన ఆవిడ సంతకం.

ఎత్తి చూసి ఉంటే దొరికిపోయేది. దొరకలేదంటే ఎత్తలేదు. మరి టిక్కు ఎక్కడిది? ఆవిడ కళ్ళు మూసుకుని ఉదయాన్ని మొదట్నుంచీ నడిపించుకుంది. గుడ్డ కప్పారు, మందు పొడిచారు, సూది దింపారు. అప్పుడు వాకిలి పక్క గోడకున్న ఫోన్ మోగింది. రెండో నంబరు పేషెంటు రక్తపరీక్ష గురించి ల్యాబువాళ్ళు. నాలుగడుగులు వేసి ఎత్తింది, అంకెలు రాసుకుంది, తిరిగొచ్చింది. వచ్చేసరికి లావు గొట్టానికి దారి చూపే తీగ లోపలికి దిగి ఉంది, ఐదో గడి పని నడుస్తోంది. ఐదోది నడుస్తోందంటే నాలుగోది అయినట్టేగా అని రెండింటికీ టిక్కు పెట్టేసింది. చూడకుండా పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరైనా ఆ పని చేస్తే ఆవిడ చీల్చి చెండాడేది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కోడల్ని పక్కకి పిలిచి, ఎత్తి చూశావా అని అడిగింది. కోడలు గోడ వైపు చూస్తూ, మర్చిపోయాను అంది.

ఇక్కడే అత్తగారి మనసులో ముడి పడింది. ఈ పిల్ల మరుపు మనిషి కాదు. గ్యాస్ కట్టానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి మెట్లెక్కి చూసే రకం. చీటీ గొడవ జరిగిన దగ్గర్నుంచీ మరీను, అన్నం గిన్నె మూత కూడా రెండుసార్లు తీసి చూస్తోంది. అలాంటిది ఏడు గడుల్లో ప్రాణం లాంటి గడిని మర్చిపోతుందా? పైగా అబద్ధం ఆడేటప్పుడు గోడ వైపు చూడటం ఇంట్లోనూ ఆ పిల్ల అలవాటే. కూర బాగుందా అని అడిగిన ప్రతిసారీ ఆవిడ గమనిస్తూనే ఉంది. ఏదో దాస్తోంది. ఏమిటది, ఎవరి కోసం?

బల్లబండి కదిలింది. అత్తగారు ఆక్సిజన్ సిలిండరు మీద చెయ్యేసి నడిచింది. ఆవిడకి ఉన్నట్టుండి తట్టింది. ఆ గదిలో మూడో మనిషి ఒకడున్నాడు. మొహం మీద పచ్చగుడ్డ కప్పారు కనక కళ్ళకి పనిలేదు, చెవులకి మాత్రం నిక్షేపంగా పని ఉంది. ఈ స్థితిలో ఆయన్ని కదిలించడం తప్పేమో అని ఒక్క క్షణం తటపటాయించింది. తెలుసుకోవాలన్న తపనే గెలిచింది. ఉదయం గొట్టం వేస్తున్నప్పుడు ఏమైనా వినపడిందా అని అడిగింది.

"అన్నీ వినపడ్డాయి," అన్నాడు అనౌన్సరు. ఊపిరి కోసం ఆగి, "డాక్టరమ్మ అడిగింది. సిస్టర్‌గారూ, గొట్టం ఎత్తి చూద్దామా అని."

"అడిగిందా?"

"అడిగింది. నల్లగానే ఉందా, అయితే కానివ్వండి అని జవాబొచ్చింది. వాకిలి వైపు నుంచి."

అత్తగారు బండి మీదికి వంగింది. "ఎవరన్నారండీ ఆ మాట?"

ఆయన తల కదపలేడు. కళ్ళు మాత్రం తిప్పి ఆవిడ మొహం చూశాడు. అందులో నింద లేదు, చెప్పాలా వద్దా అన్న మొహమాటం ఉంది. "నా బతుకంతా గొంతులతోనే కదమ్మా," అన్నాడు. "మీరే."

థియేటరు తలుపులు తెరుచుకుని ఆయన్ని మింగి మూసుకున్నాయి. అత్తగారు సిలిండరు మీద నుంచి జారిన చెయ్యి గాల్లోనే ఉంచుకుని నిలబడింది. చెవికి ఫోను, చేతిలో కలం, అవతల ల్యాబు అంకెలు, భుజం మీంచి వెనక్కి విసిరిన ఒక్క ముక్క. ఆ మాట తను అన్నట్టు ఆవిడకి గుర్తే లేదు. గుర్తు లేకపోవడమే ఆవిణ్ణి భయపెట్టింది. పదకొండేళ్ళు అందరికీ నూరిపోసిన మాటని తన నోరే ఎవరూ అడ్డం లేకుండా తోసేసింది. ఆ పిల్ల అడిగింది, ఈవిడ వద్దంది. ఇప్పుడు మర్చిపోయానని నెత్తిన వేసుకుంటోంది.

పెద్దాయన గదిలోంచి పిలుపు వచ్చింది.

లోపల కోడలు నిలబడి ఉంది. బల్ల మీద ఆమె రాసిచ్చిన కాగితం. గొట్టం ఎత్తి చూడటం నేను మర్చిపోయాను, ఇందులో సిస్టర్‌గారి తప్పేమీ లేదు అని రెండే వాక్యాలు. పక్కనే చిన్న స్పీకరు. థియేటర్లో మనుషులు ఎక్కువైతే సర్జన్‌కి చిరాకు, అందుకని పెద్దాయన ఇక్కడి నుంచే వింటున్నాడు. అందులోంచి సన్నగా, కానీ స్పష్టంగా అనౌన్సరు గొంతు వస్తోంది. మాట్లాడుతూ ఉండమంటే ఆయనకి ఇంకేం వస్తుంది? దయచేసి వినండి, పదకొండూ నలభై ప్యాసింజరు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నది అని రైళ్ళు చదువుతున్నాడు.

అత్తగారు కూర్చోలేదు. ఉదయం ఫోన్ మోగినప్పటి నుంచి అంతా చెప్పింది. ఎత్తొద్దన్నది నేను, చూడకుండా టిక్కు పెట్టింది నేను అంది. కోడలు, లేదండీ, నన్ను కాపాడటానికి కల్పిస్తున్నారు అని అడ్డం వచ్చింది. ఎందుకలా అంటావని అత్తగారు అడిగితే, ఆ పిల్ల మొదటిసారి గోడ వైపు కాకుండా సూటిగా చూసింది.

"ఎవరేమన్నా సూది పట్టుకున్న చెయ్యి నాది అత్తయ్యా. వద్దన్నా ఎత్తి చూడాల్సింది నేను. మీరు అన్నారని చెబితే, రేపట్నుంచి ఇక్కడ ఏ నర్సూ ఆ గడిని లెక్కచెయ్యదు."

"నువ్వు లేకపోతే ఆ గడి గురించి అడిగే డాక్టరెవరు?" అంది అత్తగారు. ఇలాంటి పిల్లని కూరలో ఉప్పు తక్కువైందని సాధించానే అనుకుంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. టిక్కుల కాగితమేమో గొట్టం ఎత్తి చూశామంటోంది, డాక్టరు మర్చిపోయానంటోంది, నర్సు వద్దన్నానంటోంది. మూడూ నిజం కావడానికి వీల్లేదు. కోడలి ట్రైనింగు పోతుందంటే అత్త ఏమైనా చెబుతుంది, అత్తకి మాటొస్తుందంటే కోడలు ఏమైనా రాస్తుంది. ఒకే ఇంట్లోవాళ్ళ మాట మీద నేనెలా నిర్ణయించను, మధ్యాహ్నం రెండింటికి కమిటీ కూర్చుంటుంది, అప్పటికి చేతిలో ఉన్నది ఈ అమ్మాయి రాసిచ్చిన కాగితం ఒక్కటే, దాని ప్రకారం ఈ అమ్మాయికి ఈ రోజే ఆఖరు అన్నాడు. కఠినంగా ఏమీ అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు.

"మీ ఇద్దరూ కాకుండా ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు," అంది అత్తగారు. స్పీకరు వైపు చెయ్యి చూపించింది. "వింటున్నారుగా, ఆయనే. గుడ్డ కింద నుంచి ప్రతి ముక్కా విన్నారు. బయటికి రాగానే మీరే అడగండి."

ముగ్గురూ స్పీకరు వైపు తిరిగారు. అందులో వెనకగా సర్జన్ ఎవరితోనో, ఇప్పుడు గొట్టం తీస్తున్నాను, నాళం పట్టుకోండి అంటున్నాడు. అనౌన్సరు తన ధోరణిలో తాను చదువుకుపోతున్నాడు.

"దయచేసి వినండి. పన్నెండూ పది ఎక్స్‌ప్రెస్ మరికొద్ది నిమిషాల్లో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి..."

వస్తున్నది అనాలి. అత్తగారు ఆ మాట కోసం ఎదురుచూసింది. పది లెక్కపెట్టింది.

స్పీకర్లోంచి సర్జన్ గొంతు వినిపించింది. "చదవండి. ఎందుకు ఆపారు? చదవండి."